కాయ రాలిన పద్యం: టీకా తాత్పర్యాలు

అవతారిక. కాళిదాసుకు మల్లినాథ సూరి దొరికాడు. మెదక్ దగ్గరి కొల్చారం ఆయనది. ఆధారం లేనిది రాయను, అక్కర లేనిది చెప్పను అని ముందే ఒట్టు పెట్టుకుని వ్యాఖ్యానానికి కూర్చున్న మనిషి. పాపం మోటు–పత్లుకు అట్లాంటివాడు ఎవడూ దొరకలేదు. 2012 అక్టోబరు నుంచి నికెలోడియన్ చానల్లో వస్తున్న బొమ్మల కథ ఇది. పిల్లలకు కంఠతా వచ్చు, పెద్దలకు తలనొప్పి వచ్చు, టీక మాత్రం రాలేదు. కరీంనగర్‌లో ముప్పై ఏండ్లు ప్రతిపదార్థాలు రాయించి రిటైరైన తెలుగు పండితుణ్ణి నేను. మా ఇంట్లో రిమోటు ఆరేండ్ల మనుమడి చేతిలో ఉంటుంది. కాబట్టి ఈ పని నా నెత్తిన పడింది. మల్లినాథుడి ఒట్టులో మొదటి సగం నేనూ పాటిస్తాను. రెండో సగం నా వల్ల కాదు, క్షమించాలి.

సందర్భం. ఫుర్ఫురీ నగరమని ఒక ఊరు. అక్కడ ఇన్‌స్పెక్టర్ చింగం. దొంగను బెదిరించడానికి తుపాకి పైకెత్తి కాలుస్తాడు. ఆ దెబ్బకు కొబ్బరికాయ ఒకటి తెగి వచ్చి ఆయన నెత్తి మీదే పడుతుంది. ఇది ఒకనాటి ముచ్చట కాదు, ఆయన ఉద్యోగంలో భాగం. పిల్లవాడు ప్రతిసారీ మొదటిసారి చూసినట్టే నవ్వుతాడు. దీన్ని నేను ఆటవెలదిలో బిగించాను. కథ టీవీది, గణాలు నావి. యతులు కుదిరాయి, అనుమానం ఉన్నవాళ్లు వేళ్లు మడిచి లెక్క చూసుకోవచ్చు.

నింగి మీద కాల్చె నీటుగా పోలీసు
కాయ యొకటి రాలె గట్టి తలను
బక్కవాడు నవ్వె బండవా డడిగెను
తినుట కేది యనుచు తెల్లబోయి

ప్రతిపదార్థం. పోలీసు = రక్షకభటుడు, ఇక్కడ చింగం అను పేరు గలవాడు; నీటుగా = స్టైలుగా (ఇక్కడ శుభ్రంగా అని అర్థం చెప్పేవాళ్లు రజనీకాంత్‌ను చూడనివాళ్లు); నింగి మీద = ఆకాశం పైకి; కాల్చె = తుపాకి పేల్చెను; కాయ యొకటి = ఒక కొబ్బరికాయ (తాటికాయ ఎందుకు కాదో కింద చెప్తాను); గట్టి తలను = దిటవైన తల మీద, ద్వితీయకు సప్తమి అర్థం; రాలె = పడెను; బక్కవాడు = పత్లు; నవ్వె = నవ్వెను; బండవాడు = మోటు, మన దిక్కు మాటలో బండోడు; తినుటకు ఏది అనుచు = సమోసాలు ఎక్కడ అని; తెల్లబోయి = ముఖం పాలిపోయి; అడిగెను = అడిగెను.

ఇందులో ‘గట్టి’ అనే మాట కాయకు చెందుతుందా, తలకు చెందుతుందా అని పండితులు కొట్టుకునే వీలుంది. గడప మీద పెట్టిన దీపం ఇంట్లోకీ వాకిట్లోకీ వెలుగిచ్చినట్టు రెండింటికీ చెందుతుందని నా అభిప్రాయం. దీన్ని దేహళీదీప న్యాయం అంటారు. కాయ గట్టిది కాకపోతే నవ్వు రాదు. తల గట్టిది కాకపోతే రేపటి కథకు ఇన్‌స్పెక్టర్ మిగలడు.

తాత్పర్యం. పోలీసు కాల్చాడు, కాయ పడింది, ఒకడు నవ్వాడు, ఇంకొకడికి ఆకలైంది. మా బడిలో దీనికి రెండు మార్కులు.

విశేషాలు. అసలు సంగతంతా ఇక్కడ ఉంది.

నీటుగా అన్నాను కదా. చింగం నడకా, మాట విసురూ రజనీకాంత్‌వి. బెంగళూరు బస్సుల్లో టికెట్లు కొట్టిన శివాజీరావ్ గైక్వాడ్ 1975లో ‘అపూర్వ రాగంగళ్’తో తెర మీదికి వచ్చి రజనీకాంత్ అయ్యాడు. ఇరవై ఏండ్లకు, 1995లో, ‘బాషా’ వచ్చింది. అందులో ఆయన ఆటో నడుపుతాడు. అది తెలుగులోకి దిగిన కొత్తలో మా బస్టాండు ముందర ఏ ఆటో వెనక అద్దం చూసినా ఆయనే. మా వీధి పోరగాళ్లు సిగరెట్టు ఎగరేసి పెదవులతో పట్టబోయి చొక్కాలు కాల్చుకున్నారు. ఆ ఎగరేసే విద్యకు ఆయన మీద శత్రుఘ్నసిన్హా ప్రభావం ఉందని సినిమావాళ్లు చెప్పుకుంటారు. అంటే చింగంకు మూలం రజనీ, రజనీకి మూలం సిన్హా. తవ్వుకుంటూ పోతే ఇంకా ఎక్కడ తేలుతామో. మూలం దొరికిందని టీకాకారుడు గడ్డపార పక్కన పెట్టిన చోటే దాని అడుగున ఇంకొకటి కనబడుతుంది.

ఇప్పుడు పద్యంలో లేని దొంగ సంగతి. పద్యంలో లేనివాడి గురించి రాయడం మల్లినాథుడు ఒప్పుకోడు, అయినా పోలీసు ఉన్న చోట దొంగ అధ్యాహార్యం. ఆ దొంగ పేరు జాన్. ఎప్పటికైనా డాన్‌ను అవుతానని ఊరంతా చాటుకుంటాడు, ఎన్నటికీ కాడు. ఈ డాన్ ఎవరంటే 1978లో అమితాబ్ బచ్చన్ వేసినవాడు. సలీం–జావేద్ రాసిన కథ. ఆ మరుసటి ఏడే మన తెలుగులో ‘యుగంధర్’ అయింది, ఎన్టీఆర్ వేశాడు. 1980లో తమిళంలో ‘బిల్లా’ అయింది. అందులో వేసింది ఎవరు? రజనీకాంత్. ఇది తట్టిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బొమ్మల కథలో పోలీసుకు మూలమైనవాడే, దొంగకు మూలమైన పాత్రను తమిళంలో వేశాడు! పైగా ఆ కథలోనే అచ్చం ఒకే తీరు మనుషులు ఇద్దరు. ఒకడు డాన్, రెండోవాడు పోలీసుల తరఫున డాన్ వేషం కట్టినవాడు. చింగం జాన్ వెంట పడుతున్నాడంటే తన నీడ వెంట తానే పడుతున్నాడన్నమాట. శ్లేషలో పింగళి సూరనను చదువుకున్నవాణ్ణి కూడా ఇది బోల్తా కొట్టించింది. పొద్దున్నే మా ఆవిడకు చెప్పాను. ‘‘ముందుగాల చాయ తాగుండ్రి’’ అన్నది.

కాయ సంగతి. లోకంలో పాత న్యాయం ఒకటుంది, కాకతాళీయమని. కాకి వాలింది, తాటిపండు రాలింది, ఒకదానికి ఒకటి కారణం కాదు. చింగం విషయంలో ఆ న్యాయం చెల్లదు. ఇక్కడ కాకే పండును తెంపుకుని నెత్తిన వేసుకుంది. ఇంతకంటే దగ్గరి చుట్టం భర్తృహరి దగ్గర ఉన్నాడు. బట్టతలవాడొకడు ఎండకు మాడు కాలి తాటిచెట్టు నీడకు ఉరుకుతాడు. నిలబడీ నిలబడక ముందే పండు రాలి తల పగులుతుంది. ఏనుగు లక్ష్మణకవి దాన్ని తెలుగు చేశాడు. ఆ పద్యం అప్పజెప్పకుండా నా క్లాసు దాటినవాడు లేడు. నెత్తి మీద కాయ పడితే నవ్వడం నికెలోడియన్ కనిపెట్టింది కాదని చెప్పడానికే ఇదంతా. తేడా ఒక్కటే. భర్తృహరి దాన్ని దైవం మీదికి నెట్టాడు. చింగం ఎవరి మీదికీ నెట్టడు, టోపీ సర్దుకుని మళ్లీ తుపాకి తీస్తాడు.

మరి తాటికాయ ఎందుకు కాదు? మా జిల్లాలకైతే అదే న్యాయం. మా దిక్కు చెట్టు మీంచి నెత్తిన పడేవి తాటిపండ్లు, జగిత్యాల పక్క మామిడికాయలు, ఆదిలాబాదు అడవిలో ఇప్పపువ్వు. ఇప్పపువ్వు పడితే నొప్పి ఉండదు, అది నెత్తికెక్కే దారి వేరు. కొబ్బరికాయ మాకు చెట్టుది కాదు, గుడిది. వేములవాడ రాజన్న దగ్గర బుట్టలో కనిపిస్తుంది. కొబ్బరికాయ చెట్టు నుంచి పడడం మా మనుమడు టీవీలోనే చూశాడు. దక్షిణాదివాడంటే కొబ్బరిచెట్టు కింద నిలబడి ఉంటాడని హిందీ బొమ్మలవాళ్ల లెక్క కాబోలు. కరీంనగర్ కూడా దక్షిణాదే నాయనా, ఒకసారి వచ్చి ఎండలో తిరిగి చూడండి అని రాయాలనిపిస్తుంది.

బక్కవాడు, బండవాడు. ఈ జంట లోట్‌పోట్ అనే హిందీ పిల్లల పత్రికలో పుట్టింది. కృపాశంకర్ భరద్వాజ్ సృష్టి. వెనక్కి పోతే లారెల్, హార్డీ. మన దగ్గర రేలంగి, రమణారెడ్డి. రమణారెడ్డి పక్కన రేలంగి నిలబడితే చాలు, మాట్లాడకముందే హాలు నవ్వేది. ఇదంతా మనుమడికి వివరిస్తుంటే మా ఆవిడ పప్పు గిన్నె పట్టుకుని అట్లనే నిలబడి చింగంను చూసి, ‘‘గీన మన చిందు భాగోతంల బుడ్డర్‌ఖాన్ లెక్కనే ఉన్నడు గదా’’ అన్నది. చిందు భాగవతంలో కథ బరువెక్కినప్పుడు నవ్వించడానికి వచ్చే వేషం బుడ్డర్‌ఖాన్. మా ఆవిడ రజనీకాంత్‌ను పోల్చుకోలేదు, డాన్ పేరు వినలేదు. చిన్నప్పుడు వాళ్ల ఊరి బొడ్రాయి దగ్గర గోనెసంచి పరుచుకుని చూసిన వేషాన్ని తెచ్చి టీవీలో కూర్చోబెట్టింది. నా ముప్పై ఏండ్ల పాండిత్యం కంటే ఆమె నవ్వు ముందు వచ్చింది. ఈ సంగతి రాయకుండా ఉండవచ్చు, కానీ ఆధారం లేనిది రాయకపోవడం ఎంత ధర్మమో ఉన్నది దాచకపోవడమూ అంతే.

తినుటకేది. మోటుకు కడుపు ఖాళీగా ఉంటే బుర్ర పనిచేయదు. సమోసా పడితే ఉపాయం పుడుతుంది, బలం వస్తుంది. 1929లో పుట్టిన పొపాయ్‌కి పాలకూర ఎట్లానో, హైదరాబాదులో తయారైన చోటా భీమ్‌కు లడ్డూ ఎట్లానో ఇది అట్లా. చోటా భీమ్‌లో లడ్డూలమ్మే ఆమె పేరు టున్‌టున్ మౌసి. పాత హిందీ సినిమాల హాస్యనటి టున్‌టున్ పేరది. అందులో కాలియా ‘షోలే’ కాలియాయేనా అని కూడా అనుమానం, కానీ ఆధారం దొరకలేదు, ఒట్టు గుర్తొచ్చి ఆగిపోయాను. మనుమడు సమోసా కావాలంటే సందు చివరి బండి దగ్గర కొని తెచ్చాను. మన దగ్గరివి చిన్నవి, పలచటి పొర, లోపల ఉల్లిగడ్డ. వాడు ఒకటి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, టీవీ వైపు ఒకసారి చూసి, ‘‘గిది మోటు సమోస కాదు తాతా, గిది చిన్నగున్నది. దీనికి దిమాక్ రాదు’’ అన్నాడు. అని నాలుగు తిన్నాడు.

పాఠాంతరం. కరీంనగర్ పాఠం తెలుగు. ఆదిలాబాదులో మా చెల్లెలి ఇంట్లో పాఠం హిందీ. పెన్‌గంగ దాటితే మరాఠీ వినబడే చోటు అది. పిల్లలు బొమ్మలు హిందీలోనే చూస్తారు, హిందీ అక్కడే నేర్చారు కూడా. హిందీ పాఠంలో చింగంకు మద్రాసు యాస పెట్టారు. ఆ యాసకు ఆదిలాబాదు పిల్లలు పడీ పడీ నవ్వుతారు. ఉత్తరాదివాడి లెక్కలో తామూ ఆ యాస పక్కవాళ్లేనని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు, పండుగ పూట ఎందుకని. ఒకే బొమ్మకు ఇన్ని భాషలేమిటని మా బావ విసుక్కుంటే మాత్రం ఊరుకోలేకపోయాను. గంగాధర దగ్గర కురిక్యాలకు పోయి చూడు బావా అన్నాను. అక్కడ గుట్ట మీద జైన బొమ్మలు చెక్కి, కింద సంస్కృతంలో, కన్నడంలో, తెలుగులో శాసనం వేయించాడు పంపకవి తమ్ముడు జినవల్లభుడు. 10వ శతాబ్దం. తెలుగు భాగం కంద పద్యాల్లో ఉంది. ఆ గుట్ట పేరు బొమ్మలగుట్ట. బొమ్మ ఒకటి, భాషలు మూడు, ఏది కావాలంటే అది చదువుకో. రిమోటులో భాష మార్చే మీట మా జిల్లాకు వెయ్యేండ్ల కింద వచ్చింది.

పూర్వపక్షం. ఇంత టీక రాసుకున్నాక దాన్ని పరీక్షించాలనిపించింది. ఫోన్లో ‘బాషా’ ముక్క ఒకటి పెట్టి మనుమణ్ణి పక్కన కూర్చోబెట్టుకున్నాను. రజనీకాంత్ నడిచి వచ్చాడు. జనం పక్కకు జరిగారు. వాడి కండ్లు పెద్దవయ్యాయి. నా గుండె నిండింది. చింగం ఎవరి బిడ్డో ఇప్పుడు తెలిసింది కదా అని అడగబోతున్నాను.

‘‘తాతా, గీయన చింగంను జూసి నేర్చుకున్నడా?’’

కాదురా, ఈయన ముందు, చింగం తర్వాత అన్నాను. సంవత్సరాలు చెప్పాను. వేళ్ల మీద లెక్క వేసి చూపాను.

‘‘మరి నేను చింగంనే ముందుగాల జూసిన గదా?’’

దీనికి సిద్ధాంతం రాయాలి. రెండు వారాలు వెతికాను. తర్క సంగ్రహం తీశాను, అందులో కార్యానికి ముందు కారణం ఉండాలని ఉంది కానీ ఎవరికి ముందో లేదు. వాదం ఇంకా తెగలేదు. మా ఆవిడకు బుడ్డర్‌ఖాన్ మొదలు, నాకు రజనీ, వాడికి చింగం. ముగ్గురం ఒకే సోఫా మీద కూర్చుంటాం.

పోయిన సోమవారం వేములవాడ పోయినం. రాజన్న గుడి దగ్గర మా ఆవిడ కొబ్బరికాయ పట్టుకుని చెయ్యి పైకెత్తింది. కాయ రాయిని తాకక ముందే మనుమడు రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకుని కండ్లు మూసుకున్నాడు. పక్కన నిలబడ్డ పెద్దాయన ఒకరు చూసి, ‘‘పిలగానికి ఎంత భక్తి!’’ అన్నాడు.

నేనేమీ వ్యాఖ్యానించలేదు.