జీడిపిక్కకు డాలరు పొట్టు

డాలరుకు మంగళం పాడేస్తామని బ్రిక్స్ సభలప్పుడల్లా వింటున్నాం. ఈలోగా పలాసకు ఓడెక్కి వచ్చే జీడిపిక్కను చూడండి. కాసింది ఆఫ్రికాలో, ఒలిచేది పలాసలో, తేలేది మన పెళ్లి పాయసంలో. అమెరికావాడి చెయ్యి ఎక్కడా పడలేదు. బేరం మాత్రం డాలర్లలోనే. రూపాయల్లో చెల్లింపులకు రిజర్వు బ్యాంకు 2022 జూలైలోనే తలుపు తీసింది కదా అంటారా? తీసింది. కానీ ఆ రూపాయి పుచ్చుకున్న ఆఫ్రికా వర్తకుడు దాన్ని మన దగ్గర తప్ప ఇంకెక్కడ ఖర్చుపెడతాడు? పోనీ, మన ఉద్దానం పిక్కే చాలదా అంటే, అక్కడి వజ్రపుకొత్తూరు తీరాన 2018 అక్టోబరులో తిత్లీ తుపాను జీడిచెట్లను వేళ్లతో సహా పెకలించేసింది. బ్రిక్స్ సభలకు వెళ్లొచ్చే ఢిల్లీ పెద్దలు ముందు ఆ తోటల్లో నాలుగు మొక్కలు నాటించరాదూ? (శంకుస్థాపనకైతే డాలర్లు అక్కర్లేదు లెండి!)