తిథి తెలుసు, తాత తెలియడు

వంశవృక్షం గీయడానికి పూనుకున్నవారి కాగితం మీద మూడు తరాలు దాటకముందే పేర్లకంటే ప్రశ్నార్థకాలు ఎక్కువవుతాయి, జవాబు చెప్పగలిగిన పెద్దలు "ఇప్పుడవన్నీ ఎందుకురా, పంపకాలేమైనా ఉన్నాయా?" అని ఎదురు ప్రశ్న వేయడంతో పరిశోధన మొదలైన చోటే ఆగుతుంది. రంగూన్ వెళ్ళిన చినతాత 1942లో జపాన్ సేనలు బర్మాను ముంచెత్తినప్పుడు కాలినడకన తిరిగివస్తూ దారిలో పోయాడా, లేక అక్కడే మరో సంసారం పెట్టుకున్నాడా అని వారాల తరబడి బతిమాలి అడిగితే "పాపం, మంచివాడు" అన్న ఒక్క ముక్కతో సరిపెట్టడం ఎంతటి శాంతమూర్తికైనా ఒళ్ళు మండించే విషయమే.

తద్దినాలు పెట్టే ఇళ్ళలో ఈ మరుపు మరీ విచిత్రమైనది. తద్దినమంటే మనిషి పోయిన తిథినాడు ఏటా జరిపే శ్రాద్ధం. అందులో తండ్రిని వసురూపుడిగా, తాతను రుద్రరూపుడిగా, ముత్తాతను ఆదిత్యరూపుడిగా గోత్రనామాలతో తలుస్తారు గనుక అంతవరకు పేర్లు భద్రంగానే ఉంటాయి, ఆపైవారు మాత్రం పదవీ విరమణ చేసినట్టే లెక్క. పోయినది అధికమాసంలోనా నిజమాసంలోనా, ఆనాడు అపరాహ్ణానికి దశమి ఉందా ఏకాదశి వచ్చిందా అన్న వివాదానికి ఇంటినిండా సాక్షులుంటారు. ఏ సంవత్సరమన్నదానికి ఒక్కరూ ఉండరు, ఏటా వచ్చే కర్మకు సంవత్సరంతో పనిలేదు గనుక.

ఎవరైనా కరుణించి "క్రోధి నామ సంవత్సరం" అన్నా చిక్కు వీడదు. ప్రభవ మొదలు అక్షయ వరకు అరవై పేర్లూ మళ్ళీ మళ్ళీ వచ్చేవే కాబట్టి అది 1904-05 కావచ్చు, 1964-65 కావచ్చు. పోనీ మనిషిని బట్టి తేల్చుకుందామంటే తాత పేరు మనవడికి పెట్టే ఆచారం అడ్డుపడుతుంది: మొదటి క్రోధిలో ఉన్నదీ సుబ్బయ్యే, రెండవ క్రోధిలో ఉన్నదీ సుబ్బయ్యే, ఇద్దరి తండ్రులూ వెంకయ్యలే, ఇద్దరి కొడుకులూ వెంకయ్యలే. 1984లో ఉద్యోగం రద్దయ్యేదాకా గ్రామ లెక్కలు రాసిన కరణానికి శిస్తు కట్టే సుబ్బయ్య ఒకడుంటే చాలు, ఎన్నో సుబ్బయ్య అన్నది ఆయనకు అనవసరం. అందువల్ల చెరువు తవ్వించిన సుబ్బయ్య ఎవరో, పొలం తాకట్టు పెట్టిన సుబ్బయ్య ఎవరో నేటికీ తేలదు. చెరువు పుణ్యాన్ని వంశమంతా పంచుకుంటుంది, తాకట్టును మాత్రం రెండో శాఖవారి సుబ్బయ్యకు అంటగడుతుంది.

ఇన్ని తిథులను ఇంత నిక్కచ్చిగా కాపాడినది ఎవరని ఆరా తీస్తే, పసితనంలోనే భర్తను పోగొట్టుకుని పుట్టింటికి చేరిన ఒక పెద్దత్త అలాంటి ఇళ్ళలో తరచుగా కనిపిస్తుంది. అందరి తిథులూ ఆమెకు కంఠస్థం, మడికట్టుకుని వండేదీ ఆమే. ఆమె తిథి మాత్రం ఎవరికీ గుర్తులేదు, తద్దినం పెట్టే కొడుకు లేడు గనుక. పెద్దత్త అన్న పిలుపే తప్ప అసలు పేరు కూడా మిగలలేదు. చినతాత సంగతీ, ఇద్దరు సుబ్బయ్యల సంగతీ తెలిసిన ఆ ఒక్క మనిషినీ బతికున్నన్నాళ్ళూ గారెలు ఇంకో వాయి వేయమని తప్ప ఎవరూ ఏమీ అడగలేదు.