మాట వినని శ్రోత

నాన్న ఫోన్ చేస్తే ఏ కొడుకైనా ముందు ఆ మాటేమిటో వింటాడు. డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్‌లో ఎంటెక్ చేస్తున్న కొడుకు ముందు ఆ ఫోనేమిటో వింటాడు. "నాన్నా, నీ గొంతులో 3400 హెర్ట్జ్ పైనున్నదంతా కోసేస్తున్నారు. ఆ టూజీ ఫోను మార్చెయ్" అంటాడు. అవతల ఆయన చెబుతున్నది కౌలు డబ్బు ఇంకా చేతికి రాలేదనీ, ఈ నెల హాస్టల్ ఫీజు ఎలాగోలా నువ్వే చూసుకోమనీ. సెకనుకు 8000 శాంపిళ్ల చొప్పున ఆ గొంతు క్షేమంగానే చేరింది. మాట ఒక్కటే దారిలో జారిపోయింది.

మనవాడు అంటాను గానీ ఇతను ఒక్కడు కాడు. కూకట్‌పల్లి, కాకినాడ, వరంగల్, ఎక్కడ హాస్టల్ మేడెక్కినా ఒకడు తగులుతాడు. ఒళ్లో ల్యాప్‌టాప్, అందులో ఎవరో పెన్‌డ్రైవ్‌లో పోసిచ్చిన మ్యాట్‌ల్యాబ్, పక్కన దిండుకు బదులు ప్రొయాకిస్, మనొలాకిస్‌ల పుస్తకం జిరాక్సు. కోరి ఇక్కడికి వచ్చినవాళ్లు తక్కువ. బీటెక్ ఈసీఈ చివర్లో క్యాంపస్‌కొచ్చిన కంపెనీ చెయ్యిచ్చింది. గేట్ రాశాడు. కౌన్సెలింగ్‌లో మొదటి ఆప్షన్ వీఎల్‌ఎస్‌ఐ, రెండోదీ వీఎల్‌ఎస్‌ఐ. సీటు మాత్రం ఇక్కడొచ్చింది. మూడు నెలలు తిరిగేసరికి "చిన్నప్పట్నుంచీ నాకు సిగ్నల్స్ అంటే ప్రాణం" అని జూనియర్లకు చెబుతుంటాడు. వాళ్లు నమ్మరు, తను నమ్ముతాడు.

గేట్ స్కోరుతో చేరితే నెలకు 12,400 రూపాయల స్టైపెండు. పీజీఈసెట్ ర్యాంకుతో చేరినవాడికి, ఆ స్టైపెండు వచ్చే రూమ్మేటే స్టైపెండు. కోర్సు మొదట్లోనే కాజల్ (causal) సిస్టమ్ అని ఒకటి చెబుతారు. ఇప్పటి అవుట్‌పుట్ ఇప్పటి ఇన్‌పుట్ మీదా గడిచిన ఇన్‌పుట్ల మీదా మాత్రమే ఆధారపడాలి, రాబోయేదాన్ని ముట్టుకోకూడదు. (ఆ పేరు బోర్డెక్కగానే వెనక బెంచీలు ఎందుకు నవ్వుతాయో తెలుగు సినిమాలు చూసేవాళ్లకు చెప్పక్కర్లేదు.) నిర్వచనం మనవాడికి నోటికొచ్చు. వచ్చే రెండు నెలల స్టైపెండు మాత్రం బిర్యానీల రూపంలో ఇప్పటికే అవుట్‌పుట్ అయిపోయింది.

పెళ్లిళ్లలో ఇతని పక్క విస్తరి దొరికితే ఆ భోజనం సాగదు. మైకు కీచుమంటుంది. అందరూ చెవులు మూసుకుంటారు, మనవాడి మొహం వెలిగిపోతుంది. స్పీకరు శబ్దం మైకులో దూరి, మైకు నుంచి మళ్లీ స్పీకర్‌కెళ్లి, తిరిగిన ప్రతిసారీ పెరుగుతోందనీ, అంటే పోల్ యూనిట్ సర్కిల్ దాటి బయట పడిందనీ పక్కనున్న పెళ్లికొడుకు మేనమామకు చెబుతాడు. ఆయనకు అర్థం కాలేదని తోస్తే అరిటాకు మీద పులుసులో వేలు ముంచి సర్కిల్ గీస్తాడు, పోల్ ఉన్నచోట బూందీ పలుకు పెడతాడు. ఈలోగా టెన్త్ తప్పిన మైక్‌సెట్ కుర్రాడొచ్చి ఒక నాబు వెనక్కి తిప్పి వెళ్లిపోతాడు. కీచు ఆగుతుంది. మనవాడు డీలా పడతాడు. ఇంకా పోల్స్ సంగతే అయింది, జీరోల దాకా రానేలేదు.

ఇంట్లో టీవీ ముందూ అంతే. పాత జానపద చిత్రంలో మాంత్రికుడు రాకుమారిని రథమెక్కించి తీసుకుపోతుంటాడు. అత్తయ్యలు ఊపిరి బిగబట్టి చూస్తుంటే "చక్రం వెనక్కి తిరుగుతోంది, చూశారా?" అంటాడు. సెకనుకు 24 ఫ్రేములే తీస్తే ఆకులున్న చక్రానికి చాలవట, దీన్ని ఏలియాసింగ్ అంటారట. రాకుమారి ఏమైందో అతనికి ఇప్పటికీ తెలియదు.

ఇతని ఇష్టదైవం ఎఫ్‌ఎఫ్‌టీ. సిగ్నల్‌లో ఏ ఫ్రీక్వెన్సీ ఎంతుందో చెప్పే డీఎఫ్‌టీ లెక్కను త్వరగా కట్టే కిటుకు అది. 1024 శాంపిళ్లకు డీఎఫ్‌టీని నేరుగా కడితే 10,48,576 గుణకారాలు. కూలీ, టుకీ అనే ఇద్దరు 1965లో అచ్చువేసిన పద్ధతిలో 5,120తో సరిపోతుంది. ఈ లెక్క చెప్పేటప్పుడు మనవాడి గొంతు గద్గదమవుతుంది. నేను నవ్వను, అది గద్గదమవ్వాల్సిన లెక్కే. ఆ కిటుకు గణితవేత్త గౌస్‌కు 1805 ప్రాంతంలోనే తెలుసు. లాటిన్‌లో రాసి పక్కన పడేశాడు, ఆయన పోయాక 1866లో గానీ అచ్చుకాలేదు. ఇవాళ ఆ గౌసే వచ్చి మన ఎంటెక్‌లో చేరితే, "పేపర్ పబ్లిష్ కాలేదా? అయితే థీసిస్ తీసుకోవడం కుదరదు" అని సెక్షన్ గుమాస్తా ఫైలు వెనక్కి తోసేవాడు.

ల్యాబ్ సంగతి ఒక్క ముక్కలో తేలిపోతుంది. '6713' అనే మోడల్ డీఎస్‌పీ కిట్లు గాజు బీరువాలో తాళం వెనక ఉంటాయి. తనిఖీ బృందం వచ్చిననాడు బయటికొచ్చి, ఒక సైన్ వేవ్ చూపించి, మళ్లీ లోపలికెళ్తాయి.

థీసిస్ సంగతి అలా తేలదు. సంక్రాంతికి ఊరెళ్తే నాయనమ్మ అడిగింది, "ఇంతకీ ఏం చేస్తున్నావురా అక్కడ?" అని. ల్యాప్‌టాప్ తెరిచాడు. తెర మీద ఈకల టోపీ పెట్టుకుని భుజం మీదుగా చూస్తున్న దొరసాని.

"ఎవర్రా ఈ పిల్ల?"

"లీనా అని, మా సబ్జెక్టులో అందరికీ తెలిసినావిడ నాయనమ్మా."

ఆ బొమ్మ 1972 నవంబరు ప్లేబాయ్ పత్రికలోదని, 1973లో అమెరికాలో ఒక యూనివర్సిటీ ల్యాబ్‌లో భుజం దాకానే స్కాన్ చేశారని, 2024 ఏప్రిల్ నుంచి ఐట్రిపుల్‌ఈ కొత్త పేపర్లలో దాన్ని వద్దందని అతను చెప్పలేదు. సీనియర్ ఇచ్చిన కోడ్ గనక బొమ్మ కూడా కోడ్ వెంట వచ్చింది.

"శుభ్రంగా ఉన్న ఈ ఫోటో మీద ముందు ఉప్పూ మిరియాలూ చల్లుతాను." (తెల్ల చుక్కలూ నల్ల చుక్కలూ పడే ఆ నాయిస్‌కు శాస్త్రం పెట్టిన పేరే అది.)

"చల్లి?"

"మీడియన్ ఫిల్టర్‌తో తీసేస్తాను. ఒక్కో చుక్కనీ దాని చుట్టూ ఉన్న ఎనిమిదింటినీ చిన్నా పెద్దా వరసలో పెట్టి, సరిగ్గా నడిమిదాన్ని ఉంచుతాను."

"మంచి బియ్యంలో నువ్వే రాళ్లు పోసి, నువ్వే ఏరుతున్నావు. దీనికి రెండేళ్లా?"

వైవాలో ఏ ఎక్స్‌టర్నలూ ఇంత సూటిగా అడగడు. "విండో 3×3 ఎందుకు తీసుకున్నావు?" అంటాడు. "గైడ్ చెప్పారు సార్." గైడ్ సార్ కిటికీలోంచి చెట్లకేసి చూస్తుంటారు. ఫలితం పాత పద్ధతి కన్నా 0.3 డెసిబెల్ మెరుగు. ఫోటోలో ఆ తేడా కంటికి ఆనదు. టేబుల్లో బోల్డ్ చేస్తే ఆనుతుంది.

ఈ చదువు ఒకసారి పనికొచ్చింది, ఒప్పుకోవాలి. బాబాయికి గుండె పట్టేసినట్టుందని ఆసుపత్రికి తీసుకెళ్తే, ఈసీజీ గీత నూలుపోగులు లేచినట్టు దట్టంగా వచ్చింది. ఇంటిల్లిపాదీ బావురుమన్నారు. మనవాడు కాగితం దగ్గరగా పెట్టుకుని గీతకున్న పళ్లు లెక్కపెట్టి, "ఇది గుండె కాదు, కరెంటు. 50 హెర్ట్జ్" అన్నాడు. వైర్లు మళ్లీ అంటించి, మంచం పక్క ప్లగ్గులన్నీ పీకి తీస్తే గీత సన్నబడింది. బాబాయికి వచ్చింది గ్యాస్. ఆ రోజు నుంచి మనవాడికి లోకంలో ఏది గుయ్‌మన్నా 50 హెర్ట్జే.

కోర్సయ్యాక గచ్చిబౌలిలో ఉద్యోగం, బ్యాంకు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. అక్కడికెళ్లే దారిలో ట్రాఫిక్ జామ్‌లో తప్ప సిగ్నల్ అన్నది కంటబడదు. సంబంధాలు చూడటం మొదలైంది. ఆ మధ్య విజయవాడలో పెళ్లిచూపులు. హాల్లో ఓ మూల పాత ఆంప్లిఫయర్‌లో అన్నమయ్య కీర్తన సన్నగా వస్తోంది. పెద్దవాళ్లు కాస్త తప్పుకున్నాక అమ్మాయి ఏదో అడిగింది. మనవాడు తల ఓ పక్కకు వాల్చి శ్రద్ధగా విన్నాడు.

"మీ ఇంట్లో ఎర్తింగ్ సరిగ్గా లేదండీ. 50 హెర్ట్జ్ హమ్ వస్తోంది."

"ఎర్తింగ్ కాదండీ," అంది ఆ అమ్మాయి. ఆమెదీ ఈసీఈయే. "అది 100. పవర్ సప్లైలో కెపాసిటర్ పోయింది, మార్పించమని నాన్నగారికి చెబుతూనే ఉన్నాను. నేనడిగింది మీ జీతమెంతని."