ఫోకస్ తప్పుతోందా? కెమెరాను ముట్టకండి

పెండ్లికూతురు కండ్లు మసక, చెవి కమ్మలు మాత్రం తళతళ. ఇట్లాంటి ఫోటో ఒకటి రాగానే సర్వీస్ సెంటర్‌కు పంపమని పదిమంది చెబుతారు. పంపకండి. కెమెరాకు ఒక అలవాటు పడింది, అంతే. దాన్ని మాన్పించడం కంటే దాని ముందున్నవాళ్లను సర్దడం తేలిక, పైసా ఖర్చు లేదు.

అలవాటేమిటో ముందు తేల్చుకోవాలి. డీఎస్ఎల్ఆర్‌లో ఫోకస్ కొలిచేది ఒకచోట, ఫోటో పడేది ఇంకోచోట. పెద్ద అద్దం వెనకున్న చిన్న అద్దం కొంత వెలుతురును అడుగున ఉన్న ఆటోఫోకస్ సెన్సర్‌కు దించుతుంది. ఈ రెండు దారుల పొడవులో వెంట్రుకవాసి తేడా వచ్చినా ఫోకస్ ముందుకో వెనక్కో పడుతుంది. పరీక్షకు మహబూబాబాద్ మిర్చి యార్డుకు పోండి. అచ్చు అక్షరాలున్న బస్తాలను ఏటవాలు వరుసలో చూసుకుని, స్టాండ్ వేసి, 50 ఎంఎం లెన్స్‌ను 1.8 దగ్గర పెట్టండి. నడుమ బస్తా మీది అక్షరానికి ఒకే పాయింట్‌తో ఫోకస్ పట్టించండి. రెండు మీటర్ల దూరంలో, ఏపీఎస్-సీ సెన్సర్‌కు స్పష్టంగా వచ్చే లోతు సుమారు 11 సెంటీమీటర్లే. ప్రతిసారీ రింగు తిప్పి ఫోకస్ చెడగొట్టి మళ్లీ పట్టించండి. ఎప్పుడూ ముందు బస్తాయే స్పష్టంగా వస్తే అది ఫ్రంట్ ఫోకస్. ఒకసారి ముందు, ఒకసారి వెనక వస్తే వెలుతురునో, పాయింట్ పడిన చోటునో అనుమానించాలి.

ఫ్రంట్ ఫోకస్ అని తేలిందా, ఫోకస్ లాక్ చేసి, "అమ్మా, నాలుగు వేళ్లు ముందుకు రా" అనండి. కొన్ని నికాన్, కెనాన్ బాడీల్లో మైనస్ 20 నుంచి ప్లస్ 20 దాకా సర్దుకునే ఏర్పాటుంది. దాన్ని సున్నా మీదే ఉంచండి. లెన్స్ లెన్స్‌కూ వేరుగా పెట్టాలి, జూమ్‌కు ఒక చివర కుదిరితే ఇంకో చివర తప్పవచ్చు. మనిషికైతే నోటిమాట చాలు.

తలంబ్రాల దగ్గరే అసలు గండం. ఎగిరే బియ్యం ముఖానికీ లెన్స్‌కూ నడుమకు వస్తుంది. కంటిన్యుయస్ ఫోకస్‌లో అన్ని పాయింట్లూ తెరిచి ఉంటే అది దగ్గరున్న గింజ మీదికి దూకుతుంది. ఒకే పాయింట్ కంటి మీద పెట్టుకోమని కొందరంటారు. అంతకంటే ముందురోజే రెండువైపుల పెద్దలతో మాట్లాడి, దోసిలి దోసిలికీ నడుమ ఊపిరి పీల్చేంతసేపు ఆగి పోయమనండి. పంతులుగారు కోప్పడితే దండం పెట్టి అడగండి. ముహూర్తం ఆ పూటతో పోతుంది, ఫోటో మనవల దాకా ఉంటుంది. అందుకే ఇక్కడ మొహమాటపడొద్దు.

తండా పెండ్లిళ్లలో బట్టల మీది అద్దాలు ఎండకు మెరిసి పాయింట్‌ను లాగేస్తాయి. మబ్బు పట్టేదాకా ఊరేగింపును ఆపించండి.

జనగామ పక్కనే పెంబర్తి. అక్కడి ఇత్తడి పనికి 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంత నునుపైన లోహంలో చెట్టు నీడ కనిపిస్తే, ఫోకస్ ఇత్తడిని వదిలి ఆ నీడను పట్టుకోవచ్చు. నీడ ఫోకస్ దూరం వేరు, అందుకే నగిషీ మసకవుతుంది. కాబట్టి మెరుగు పెట్టకముందే ఫోటో తీయనిమ్మని కళాకారులను బతిమాలండి. గరుకు లోహం మీద గీతలన్నీ దొరుకుతాయి.

మిర్రర్‌లెస్ కొనుక్కోమంటారు. అందులో ఫోటో పడే సెన్సర్ మీదే కొలత జరుగుతుంది కాబట్టి ఈ ముందువెనకల తేడా దాదాపు ఉండదు, నిజమే. అయినా కొనకండి. పాత కెమెరా ఎంత తప్పుతుందో మీకు తెలుసు, ఆ తెలివిని అమ్ముకోవద్దు.

ఇక భూపాలపల్లి ఓపెన్‌కాస్ట్. నల్లటి బొగ్గు గోడ మీద అంచు దొరకక లెన్స్ ముందుకూ వెనక్కూ తిరుగుతూనే ఉంటుంది. సింగరేణి అధికారుల అనుమతి తీసుకుని బొగ్గు మీద సున్నంతో గీత గీయించండి. కొన్ని పాయింట్లకు ఒక దిక్కు గీతలే తెలుస్తాయి, క్రాస్ పాయింట్‌కు రెండు దిక్కులవీ తెలుస్తాయి. అందుకని నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి, ప్లస్ గుర్తులా గీయించండి. వాన పడితే మళ్లీ గీయించాలి.