‘నో ఇంటర్నెట్, సెక్యూర్డ్’: టీకా తాత్పర్యం

మూలం: నో ఇంటర్నెట్, సెక్యూర్డ్.

అవతారిక: విండోస్ 10 కంప్యూటర్ తెర మీద, కుడివైపు అడుగున, సరిగ్గా పిల్లవాడి ఆన్‌లైన్ పరీక్ష వేళకు సాక్షాత్కరించే వాక్యం.

టీక: మొదటి రెండు పదాలూ సుగమం. ‘సెక్యూర్డ్’ అంటే వైఫైకి పాస్‌వర్డ్ ఉందనీ, రౌటర్‌కూ కంప్యూటర్‌కూ మధ్య నడిచే మాట పొరుగువాడి చెవిన పడదనీ. సొమ్ము లేని ఇనప్పెట్టెకు తాళం భద్రంగా ఉందని చెప్పడమన్నమాట.

ఇక అభావ విచారం. మెదక్ సీమ వ్యాఖ్యాత మల్లినాథ సూరి మూలంలో లేనిదీ, అక్కర లేనిదీ రాయనని ఒట్టు పెట్టుకున్నాడు. ఆయనకు కస్టమర్ కేర్‌తో పని పడలేదు. ఈ టీకాకారుడికి పడింది కనుక రాస్తాడు.

తెలుగువాడైన అన్నంభట్టు ‘తర్కసంగ్రహం’లో లేకపోవడాన్ని నాలుగు రకాలు చేశాడు. పుట్టకముందు లేకపోవడం ప్రాగభావం: రౌటర్ ఇంకా అడ్రసు ఇవ్వలేదు, చూసి చూసి కంప్యూటరే 169.254తో మొదలయ్యే అడ్రసొకటి తగిలించుకుంది. ఉండి పోవడం ప్రధ్వంసాభావం: వీధిలో గొయ్యి తవ్వినవాళ్లు ఫైబర్ తెంపారు, గోడమీది పెట్టెలో ‘ఎల్ఓఎస్’ దగ్గర ఎర్రదీపం వెలుగుతోంది. ఏ కాలంలోనూ లేకపోవడం అత్యంతాభావం. దాని గురించి ఏజెన్సీ గూడేలవాళ్లను అడగాలి. ఒకటి ఇంకొకటి కాకపోవడం నాలుగోది, అన్యోన్యాభావం. కుండ వస్త్రం కాదు. వైఫై ఇంటర్నెట్ కాదు. నిండుగా వెలిగే ఆ వైఫై గీతలు రౌటర్ దాకా దారి బాగుందని మాత్రమే చెబుతాయి, గడప అవతలి సంగతికి పూచీపడవు.

అసలు లేదని కంప్యూటర్‌కెలా తెలిసింది? మీమాంసకుల్లో కుమారిల భట్టు మతంవారు ఇందుకోసమే అనుపలబ్ధి అనే ఆరో ప్రమాణాన్ని ఒప్పుకున్నారు. కనబడకపోవడమే లేదనడానికి ఆధారం. విండోస్‌దీ ఇదే మతం. మైక్రోసాఫ్ట్ సర్వర్ నుంచి ఒక బుల్లి ఫైలు తెప్పించుకుంటుంది. అందులో ‘మైక్రోసాఫ్ట్ కనెక్ట్ టెస్ట్’ అని, ఖాళీలతో కలిపి 22 ఇంగ్లీషు అక్షరాలుంటాయి. అవి రాకపోతే ఇంటర్నెట్ లేనట్టే. అయితే మీమాంసకులు ఒక మెలిక పెట్టారు: కనబడడానికి వీలున్నది కనబడకపోతేనే లేదనాలి. చీకటి గదిలో కుండ కనబడలేదని కుండ లేదనకూడదు. విండోస్ ఆ మెలిక సరిగా చదవలేదు. ఏ వీపీఎన్నో, ఫైర్‌వాలో ఆ ఒక్క ఫైలునూ అడ్డుకుంటే, సినిమా ఆగకుండా ఆడుతున్నా తెర మూలన ‘నో ఇంటర్నెట్’ అనే ఉంటుంది.

పాఠాంతరం: 8.8.8.8 అనే అంకెల అడ్రసుకు పింగ్ కొడితే జవాబొస్తుంది, సైటు పేరు కొడితే రాదు. అప్పుడు దోషం దారిది కాదు, పేరును అంకెలుగా మార్చే డీఎన్ఎస్‌ది. 1983లో పాల్ మొకాపెట్రిస్ రూపొందించిన ఏర్పాటిది. సెట్టింగుల్లో డీఎన్ఎస్ అడ్రసు మారిస్తే చాలాసార్లు కుదురుకుంటుంది.

ఇంత చెప్పాక కస్టమర్ కేర్ భాష్యం: “మా సైడ్ అంతా ఓకే సర్. రౌటర్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి.” ఇదీ అనుపలబ్ధే, ఫోనెత్తినాయన కూర్చున్న చోటికి తెగిన తీగ కనబడదు. ఎర్రదీపమండీ, కాంతే రావడం లేదండీ అంటే, “ఓకే సర్, ఆఫ్ చేశారా?” అంటాడు. మనిషిని పంపండని బతిమాలితే ఫిర్యాదు నంబరు పంపుతారు. మనిషి రాడు. మర్నాడు మెసేజ్ వస్తుంది: మీ సమస్య పరిష్కారమైంది, రేటింగ్ ఇవ్వండి. కింద లింకు. ఫోన్‌లో వైఫై ఆపేసి, సొంత డేటా ఖర్చుపెట్టుకుని దాన్ని తెరవాలి.