రెండు కళ్ల యాషికా

నాకు ఒకదాని మీద ఒకటి రెండు కళ్లు. పై కన్ను చూస్తుంది, కింది కన్ను తీస్తుంది. నేనో కెమెరాని, పూర్తి పేరు యాషికా మ్యాట్ 124జీ. జపాన్‌లో 1970లో మా రకం తయారీ మొదలైంది, 1986కి ఆగిపోయింది. నేను మాత్రం శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కొబ్బరి తోటల మధ్య, ఓ ఫొటో స్టూడియోలో స్థిరపడ్డాను. నాతో తీసేవాళ్లు నన్ను మొహానికి అడ్డం పెట్టుకోరు. మెడలో వేసుకుని, పొట్ట దగ్గర పట్టుకుని, తల దించి పైనున్న గాజు పలకలోకి చూస్తారు. రీలుకి పన్నెండే ఫొటోలు కాబట్టి ఊరికే నొక్కే అలవాటు మా ఆసామికి ఉండేది కాదు.

పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు సరే. ఉద్దానం స్టూడియోకి ఇంకో బేరం కూడా ఉండేది. ఇక్కడ కిడ్నీ జబ్బు ఊరూరా ఉంది. నీళ్లా, ఎండలో చాకిరీయా, పురుగుమందులా, వంశంలోదా అని ఏళ్లుగా పరీక్షలు జరుగుతున్నా ఇదీ కారణమని ఇప్పటికీ తేలలేదు. ఒకప్పుడు డయాలసిస్‌కి విశాఖపట్నం పోవాల్సొచ్చేది. తర్వాత దగ్గర్లోనే కేంద్రాలు వచ్చాయి, 2023లో పలాసలో 200 పడకల ఆసుపత్రి తెరిచారు. పోయినవాళ్లలో చాలామందికి విడిగా దిగిన ఫొటో ఉండేది కాదు. ఏ పెళ్లిలోనో దిగిన గ్రూప్ ఫొటో పట్టుకొచ్చి, "ఇందులోంచి మా అయ్యని తీసి పెద్దది చెయ్యండి, దండెయ్యాలి" అనేవారు. పెద్దది చేస్తే భుజమ్మీద ఎవరివో నాలుగు వేళ్లు మిగిలేవి. మా ఆసామి సన్న కుంచెతో వాటిని మాయం చేసేవాడు. టచింగ్‌లో ఆయనకి చుట్టుపక్కల మంచి పేరు. పక్కామె చీర అంచు, బుగ్గకి ఆనిన పిల్లాడి జుట్టు, అన్నీ బూడిదరంగు తెరలోకి పోయేవి.

డిజిటల్ వచ్చాక నన్ను బీరువాలో పెట్టారు. ఆ ఏళ్ల గురించి చెప్పేదేమీ లేదు, చీకటి.

తర్వాత ఆ జబ్బు మా ఇంటికే వచ్చింది. మా ఆసామికి వారానికి రెండుసార్లు, నాలుగేసి గంటలు డయాలసిస్. సూదులు గుచ్చడానికి ఎడం చేతిలో రక్తనాళాలు కలిపి ఫిస్టులా వేశారు. ఆ చేత్తో బరువెత్తకూడదు. నేనేమో కిలో పైమాటే. విశాఖలో ఉద్యోగం చేసే కూతురు నన్ను బయటికి తీసి, కళ్లకు పట్టిన బూజు తుడిపించి, ఇల్ఫర్డ్ రీలు ఎక్కించింది.

"ఇప్పుడు ఫొటోలేటే? దండెయ్యడానికా?" అని తల్లి గయ్యిమంది. కూతురు నోరెత్తలేదు.

ఆయనే అందుకున్నాడు. "ఆ ఫొటో సంగతి నాకొదిలెయ్. నువ్వు దీని మీటరు నమ్మకమ్మా, దాని పాదరసం బ్యాటరీ ఇప్పుడు దొరకదు. అరుగు మీదైతే ఎపర్చరు ఐదూ ఆరు, షట్టరు నూటపాతిక పెట్టు."

మొదటిది అందరిలాగే తీసింది. పెద్దవాళ్లు కుర్చీల్లో, అల్లుడు వెనకాల, పిల్లాడు ముందు, ఎవరి చేతులు వాళ్ల ఒళ్లో. ఇలాంటివి చాలా చూశాను. అది కలిసుండటం కాదు, బస్సు కోసం నిలబడటం.

ఆ తర్వాత ఆ అమ్మాయి ఎవర్నీ నిలబడమనలేదు. ఆయన నీళ్లు ఎక్కువ తాగకూడదు కాబట్టి తల్లి పొద్దున్నే ఆయన వాటా కొలిచి చెంబులో పోస్తుంది. మాత్రలకి కూడా అందులోవే. దాహం మరీ ఆగకపోతే ఓ ఐసు ముక్క బుగ్గన పెట్టుకుంటాడు. మిగిలినవాళ్లు ఆయన కంట పడకుండా వంటింట్లో తాగుతారు. చుట్టూ కొబ్బరి చెట్లే, 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి పడిపోగా మిగిలినవి. కానీ కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువని ఆయనకి చుక్క పొయ్యరు. అల్లుడు బొండాలు దింపిస్తే గెలని పెరటి దారినే దాటించేస్తారు. వంటింటి గుమ్మం చాటున గ్లాసు పట్టుకు నిలబడ్డ అల్లుణ్ణీ, అరుగు మీంచి అది కనిపెట్టి నవ్వుతున్న మావగారినీ ఒకే చదరంలో ఇరికించింది కూతురు.

ఇంకోటి ఉంది. ఫిస్టులాలో నెత్తురు పరుగు సన్నగా జుమ్మంటుంది. చెయ్యి వేస్తే తెలుస్తుంది, చెవి పెడితే వినిపిస్తుంది. మనవడికి అదో ఆట. తాత మోచేతి దగ్గర చెవి ఆనించి, "తాతా, మోటారు ఆడతంది" అంటాడు. కూతురు నేల మీద కూర్చుని దగ్గరికి జరిగింది. మూడడుగులకన్నా దగ్గరైతే నాకు మసకే. వెనక్కి జరిగితే చదరంలోకి మూడో చెయ్యి వచ్చింది. పిల్లాడి బరువు తాత చేతి మీద పడకుండా వాడి తల కింద అరచెయ్యి పెట్టింది అమ్మమ్మ, దండెయ్యడానికా అని అరిచినావిడే. కిటికీ వెలుతురు చాలక షట్టరు సెకనులో పదిహేనో వంతు తెరవాల్సొచ్చింది. పిల్లాడి జుట్టు కాస్త కదిలింది. కదలనీ.

ఆ రాత్రి కూతురు తండ్రికి రిచర్డ్ ఎవెడాన్ గురించి చెప్పింది. ఆ అమెరికా ఫొటోగ్రాఫరు కేన్సర్‌తో కుంగిపోతున్న తండ్రిని 1969 నుంచి 1973 దాకా తీశాడు. 1974లో న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియంలో ప్రదర్శించారు. వెనక తెల్లటి తెర, ముందు తండ్రి ఒక్కడే. మా ఆసామి శ్రద్ధగా విన్నాడు. "పక్కోళ్లని టచింగ్‌లో తీసీసినాడేటి?" అన్నాడు.

రీలు ఇంట్లోనే కడిగారు. రీలు కడిగే డి-76 మందుకి 20 డిగ్రీలుండాలి. ఈ ఎండల్లో కుళాయి నీళ్లు అంత చల్లగా ఎక్కడొస్తాయి? ఆయన కోసం పెట్టిన ఐసు ట్రే మొత్తం బేసిన్‌లో గుమ్మరించారు. "నా వాటా అంతా దీనికి తాగించీసినావు" అంటూనే గడియారం చూసి నిమిషాలు లెక్కపెట్టాడు.

నెగెటివ్ ఆరాక ట్యూబ్‌లైటుకి ఎదురుగా పట్టుకున్నాడు. భార్య పక్కకొచ్చి మెల్లిగా అడిగింది. "మీరొక్కరే పడ్డది ఏదైనా ఉందేటండీ?"

రీలు ఆ కొస నుంచి ఈ కొసకి లాగి చూశాడు. "లేదు. ప్రతిదాన్లోనూ ఎవరో ఒకలు నా మీద పడిపోయి ఉన్నారు. ఇప్పుడు టచింగ్ చెయ్యాలంటే నాకు చెయ్యి వణుకుతాది."

ఆవిడ కళ్లు చికిలించి తనెక్కడుందో వెతుక్కుంది. "ఈ పాత చీరలోనేటే తీసినావు? ఆదివారం మళ్లీ తియ్యి."

"నాలుగున్నరకి పెట్టుకోండి" అన్నాడు ఆయన. "అరుగు మీదకి వెలుతురు అప్పుడొస్తాది."