మాట మీది, మోత నాది

మాట పుట్టించడం నాకు చేతకాదు. పుట్టిన మాటను మోయడమే నా పని. నా ఇనుప జాలీ కింద పలచని పొర ఉంది. దానికి అతుక్కుని సన్నని తీగచుట్ట, ఆ చుట్ట దగ్గర అయస్కాంతం ఉన్నాయి. మీ గొంతు సోకగానే పొర వణుకుతుంది, చుట్ట కదులుతుంది, రవంత కరెంటు పుడుతుంది. ఆంప్లిఫయర్ దాన్ని పెంచి స్పీకరుకి పంపుతుంది. నన్ను డైనమిక్ మైకు అంటారు. మీరు గొణిగితే ఆ గొణుగుడే పెద్దదవుతుంది. చెప్పడానికి ఏమీ లేకపోతే ఆ లేమి ఊరంతటికీ వినిపిస్తుంది.

ఒక పల్లెటూరి హైస్కూలుకి నన్ను పంద్రాగస్టు సభ కోసం కొన్నారు. నేను గర్వంగా చెప్పుకునే రోజులన్నీ అక్కడివే. వక్తృత్వ పోటీలు వస్తున్నాయంటే తెలుగు మాస్టారు సాయంత్రాలు నన్ను స్టాండుకి బిగించి, పిల్లల్ని ఒక్కొక్కరినీ నా ముందు నిలబెట్టేవారు. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతి వణికిపోతూ వచ్చింది.

"మొత్తం బట్టీ పట్టేశానండీ మాస్టారూ. అయినా కాళ్లు వణుకుతున్నాయండీ."

"బట్టీ పట్టావు గనకే వణుకుతున్నాయమ్మా. ఒక్క మాట జారితే వెనకున్నవన్నీ జారిపోతాయి. మొదటి వాక్యం, ఆఖరి వాక్యం నోటికి రానియ్. మధ్యలో చెప్పాల్సిన మూడు సంగతులు చీటీ మీద రాసుకో. ముందు రెండు పాదాల మీదా సమంగా నిలబడు. గాలి పీల్చుకో. చివరి వరసలో కూర్చున్నవాడి మొహం చూడు. అప్పుడు నోరు తెరువు."

ఆ అమ్మాయి తమ ఊరి చెరువు ఎందుకు ఎండిపోతోందో చెప్పింది. పూడిక పేరుకుపోవడం, కాలవ మూసుకుపోవడం, గట్టు ఆక్రమణ ఆ మూడు సంగతులు. ఒక్కో సంగతి ముగిశాక కాస్త ఆగమన్నారు మాస్టారు. ఆ ఆగడంలోనే వినేవాళ్లకి విషయం మనసుకెక్కుతుందన్నారు. ఆమె ఆగినప్పుడల్లా ఆవరణంతా నిశ్శబ్దంగా ఉండటం నేను విన్నాను.

భయపడే పిల్లలకి మాస్టారు గాంధీజీ సంగతి చెప్పేవారు. లండన్‌లో చదువుకునే రోజుల్లో శాకాహార సంఘం సమావేశానికి తన అభిప్రాయం రాసుకెళ్లి కూడా ఆయన లేచి చదవలేకపోయారు. వేరొకరు చదివిపెట్టారు. అదే ఆయన 1893లో దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో అక్కడి భారతీయుల ముందు, వ్యాపారంలో నిజాయితీ గురించి మాట్లాడారు. తన జీవితంలో తొలి బహిరంగ ప్రసంగంగా దాన్నే ఆత్మకథలో చెప్పుకున్నారు. "విషయం బాగా ఆలోచించుకుని వెళ్లారు. ఎదుటివాళ్లకి అది అవసరమని నమ్మారు. ఆ రెండూ ఉంటే నోరు పెగులుతుంది" అనేవారు మాస్టారు.

నన్ను వాడిన పెద్దల మీద మాత్రం నాకు కోపముంది. పని చేస్తున్నానో లేదో చూడాలంటే రెండు మాటలు మాట్లాడితే చాలు. వాళ్లు వేళ్లతో కొట్టేవారు, ఉఫ్ఫని ఊదేవారు. ఊదిన ప్రతిసారీ ఉమ్మితడి నా పొర మీద పడేది. ముందు నుంచి వచ్చే గొంతు బాగా వినేలా, వెనక శబ్దాన్ని తగ్గించుకునేలా నన్ను తయారు చేశారు. నా తలను గుప్పిట్లో మూస్తే ఆ అమరిక చెడుతుంది. స్పీకరు శబ్దం నాలోకే తిరిగొచ్చి, మళ్లీ పెరిగి, కీచుమంటుంది. అప్పుడు అందరూ నన్నే తిట్టేవారు. మూతికి ఆనించి 'ప' అన్నా 'భ' అన్నా గాలి నేరుగా తగిలి టప్పుమంటుంది. బెత్తెడు దూరంలో, కాస్త పక్కగా పట్టుకుంటే ఆ బాధ ఉండదు.

అంతకన్నా పెద్ద బాధ, ఆ పెద్దలు వేదిక దిగేవారు కాదు. సన్మానాలూ శాలువాలూ అయ్యేసరికి ఎండ నెత్తికెక్కేది. ఆఖర్న పిల్లల వంతు వస్తే, టైమైపోయింది, రెండు ముక్కల్లో ముగించమనేవారు. ఒక సభలో పదో తరగతి కుర్రాడు నా ముందే ఒక సంగతి చెప్పాడు. 1863లో అమెరికాలోని గెటిస్‌బర్గ్‌లో ఎడ్వర్డ్ ఎవరెట్ అనే వక్త రెండు గంటలు ప్రసంగించారు. ఆయన తర్వాత లేచిన అధ్యక్షుడు లింకన్ రెండు మూడు నిమిషాల్లో ముగించారు. లోకం గుర్తుపెట్టుకున్నది లింకన్ మాటల్ని. అది విని వేదిక మీదివాళ్లు చప్పట్లు కొట్టారు, మరుసటి సభలో మళ్లీ అలాగే సాగదీశారు.

మాస్టారు రిటైరయ్యారు. ఒక వానాకాలం ఆంప్లిఫయర్ కాలిపోతే బాగు చేయించలేదు. చక్రాల స్పీకరొకటి, దానితోపాటు తీగలేని మైకు వచ్చాయి. నన్ను తీగతోనే చుట్టచుట్టి స్టోర్‌రూమ్‌లో, విరిగిన బెంచీల వెనక పడేశారు. గట్టిగా లాగి చుట్టిన చోట తీగ లోపల తెగింది. జాలీకి తుప్పు పట్టింది. ఎలుకలు నా మీదుగా తిరుగుతాయి. ఒక్క టంకం వేస్తే ఇప్పటికీ పలుకుతాను. పాత సామాను లెక్క రాసుకోవడానికి వచ్చినవాళ్లు నన్ను తుక్కు కింద రాసుకున్నారు.

కొత్తది వచ్చిందన్న ఏడుపు నాకు లేదు. గోడ అవతల దాని గొంతు రోజూ వింటాను. పాటలు వస్తాయి, ప్రకటనలు వస్తాయి. పిల్లల మాట మాత్రం అరుదైపోయింది. వచ్చినా ఎవరో రాసిచ్చిన కాగితం తల దించుకుని గబగబా చదివేస్తున్నారు. సొంతంగా చెప్పుకునే మాట ఉండి కూడా నోరు తెరవకుండానే ఆ పిల్లలు బడి దాటిపోతున్నారు. నా తుప్పు కన్నా నాకు అదే ఎక్కువ బాధ.

పిల్లలూ, నన్ను బాగు చేయించేదాకా ఆగకండి. క్లాసురూములో నిన్నటి పాఠం మీ మాటల్లో మూడు నిమిషాలు చెప్పండి. గడియారం పెట్టుకోండి, స్నేహితుణ్ణి చివరి బెంచీలో కూర్చోబెట్టి ఏ మాట వినపడలేదో అడగండి. రేపు మరో సంగతి ఎత్తుకోండి. వణుకు ఒక్కరోజులో పోదు, నలుగురి ముందు నిలబడగా నిలబడగా అదుపులోకొస్తుంది. పెద్దలారా, ఈసారి సభలో వేదిక మీద ఒక కుర్చీ తగ్గించండి. అలా మిగిలే పది నిమిషాలూ ముగ్గురు పిల్లలకివ్వండి.